పిట్టగోడ మీది చెంబు

ఆమె పోయాక కూడా కొన్నాళ్ళు ఆ చెంబు పిట్టగోడ మీదే ఉంది. రాగి చెంబు, అడుగున సొట్ట. వాళ్ళబ్బాయి తీయలేదు, మేమూ తీయలేదు. ఒకరోజు పొద్దున బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కి చూస్తే లేదు. గాలికి పడిందేమోనని గోడకు రెండు వైపులా వంగి చూశాను. లేదు. చర్చి గంట మోగినప్పుడూ, పెట్టె మీద అందరూ తలా పిడికెడు మట్టి వేసినప్పుడూ ఆమె పోయిందన్న సంగతి నాకు పూర్తిగా ఎక్కలేదు. గోడ మీద చెంబు అడుగు గుండ్రంగా వదిలిపోయిన పచ్చటి మరక చూసినప్పుడు ఎక్కింది. ఆ రోజు డైరీలో ఆమె గురించి రాయడం మొదలుపెట్టాను. ఒక పేజీలో అయిపోతుందనుకున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా మా వీధిలో చాలామందికి తెలియదు. నాకు ఆమె అవ్వ. మా జేజినాయనకు, అంటే మా నాయన వాళ్ళ నాయనకు, వట్టి "ఆయమ్మ". ఆమెకు ఆయన "శెట్టి".

మాది రాజంపేట. ముందు కిరాణా అంగడి, వెనక ఇల్లు. మా పెరటిగోడకు ఆనుకునే ఆమె ఇల్లు ఉన్నా వాకిలి మాత్రం అవతలి వీధిలోకి ఉంది. ఊరి బయట వాళ్ళకు కొంచెం పొలం. కొడుకు సేద్యం చేసేవాడు. ఆమె ఆదివారం చర్చికి పోయేది, మిగతా రోజులు పొద్దున్నా సాయంత్రం మిద్దె మీద ఉండేది. మిద్దె మీద ఉన్న చిన్న గదిలోనే పడుకునేది. కింద నుంచి పోతే ఆమె ఇంటికి వీధి చుట్టి రావాలి. పైనుంచి అయితే రెండు మిద్దెల మధ్య నడుం ఎత్తు పిట్టగోడ ఒక్కటే.

నేను ఆమెను సరిగ్గా చూసింది కరోనా వచ్చిన ఏడు. కాలేజీ మూసేశారు. తెల్లవారుతూనే పుస్తకం పట్టుకుని పైకి వెళ్తే, అవతలి మిద్దె మీద ఆమె ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చేతిలో వేపపుల్ల. పై పళ్ళు తోమినంతసేపు ఒక కాలు, కింది పళ్ళకు ఇంకో కాలు. నేను చూస్తున్నానని తెలిసి కూడా కాలు దించలేదు.

"ఏం పాపా, కొంగను ఎప్పుడూ చూళ్ళేదా?"

నవ్వాలో వద్దో తెలియక పుస్తకం వెనక్కి పోయాను. ఆమె పుక్కిలించి ఉమ్మి, మాస్కు కట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. పాత చీర చింపి కుట్టిన మాస్కు, దాని మీద సగం మామిడిపిందె అంచు.

"మా అత్త బావికాడ జారి పడింది. అంతే, మంచంలోనుంచి మళ్ళా లేచింది ల్యాదు. పడకుండా నిలబడేది ముసిలోళ్ళు దినామూ నేర్చుకోవల్ల. పడినాక నేర్చుకుందామంటే యాడయితాది?"

ఆ తర్వాత చెంబు. నిండా నీళ్ళు పోసి పిట్టగోడ మీద పెట్టేది. మిద్దె ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. గోడ దగ్గరికి వచ్చినప్పుడల్లా మాస్కు కిందికి లాగి, ఒక్క గుక్క. మళ్ళా నడక. చెంబు అయిపోతే నడక అయిపోయినట్టు. దాహం వేసిన రోజు తొందరగా అయిపోతుంది కదా అని నేను తర్వాత ఎప్పుడో అడిగితే, "అయితే ఇంగో చెంబు పోస్తా. నీళ్ళకేమన్నా కరువా? ఆ, కరువేలే మనకు," అని తనే నవ్వింది.

టీవీ వార్తలు ఆమె రోజుకు ఒక్కసారే వినేది. మా ఇంట్లో అది పొద్దున మొదలైతే రాత్రి దాకా మోగుతూ ఉండేది. ఆ చప్పుడు మిద్దె మీదికి వినిపించేది. "మీ టీవీకి గొంతు నొప్పి పుట్టదా? భయం కూడా అన్నం మాదిరే పాపా. ఆకలైనంత తినల్ల. మూడు పూటలూ తిని మధ్యలో చిరుతిండి కూడా అంటే కడుపు పగులుతాది." అప్పటికప్పుడు కిందికి దిగి దీన్ని డైరీలో రాసుకున్నాను.

ఆ టీవీ మోగుతున్నది మా జేజినాయన గదిలో.

లాక్‌డౌన్ దాకా అంగడి తలుపులు తీసేది ఆయనే. అగరొత్తి వెలిగించి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేచేది. వయసులో ఉన్నప్పుడు ఆయన వేరుశనగ వ్యాపారం చేశాడు. పల్లెల నుంచి బండ్లు వస్తే, మూటలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టి గలగల ఆడించేవాడట. గింజ ఎండి తొక్కను వదిలితే ఒక చప్పుడు, పచ్చి ఉంటే ఇంకో చప్పుడు. ఆయన పచ్చి అన్నాడంటే రైతు మూట విప్పి మళ్ళీ ఎండబెట్టుకోవాల్సిందే. యంత్రాలు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. చెవి మాత్రం పోలేదని ఆయన చెప్పుకునేవాడు.

కరోనా మొదలుకాగానే నాయన ఒక మాట అన్నాడు. "నాయనా, నువ్వు అంగట్లోకి రావద్దు. వయసైనోళ్ళకే ఎక్కువ కష్టమంటాండారు." అందులో తప్పేమీ లేదు. కానీ మా ఇంట్లో ప్రేమకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అన్నీ వాళ్ళ దగ్గరికే తేవడం. వెనక గదిలో మంచం వేశాం. కాఫీ మంచం దగ్గరికి, పలారం మంచం దగ్గరికి, చెయ్యి కడుక్కునే గిన్నె కూడా మంచం దగ్గరికే. ఆయన కాలు కింద పెడితే అమ్మ పరుగున వచ్చేది. "ఏం కావల్ల మామా, నేను తెస్తా గదా." కిటికీ మూసి ఉంచాం, జబ్బు గాలిలో వస్తుందని ఎవరో చెప్తే. ఫ్యాను, టీవీ, మంచం. ఎండలు ముదిరే వేళకు జేజినాయన స్నానాలగదికి పోవాలంటే నాయన భుజం కావలసి వచ్చింది. తర్వాత్తర్వాత ఒక్క భుజం చాలలేదు. అంగడి సంగతి అడగడం మానేశాడు. సగం ముద్ద తిని చాలనేవాడు. డాక్టరు ఫోనులోనే అన్నీ విని, రోగమేమీ లేదు, లేపి నడిపించండి, ఇట్లాగే ఉంటే ఇంక లేవలేరు అన్నాడు. నడిపించబోతే జేజినాయన గోడకు తిరిగి పడుకునేవాడు. "ఎందుకులేప్పా. ఎక్కడికి పోవల్ల నేను?" నాయన అంగట్లోకి వెళ్ళిపోయేవాడు. అమ్మ వంటింట్లో ముక్కు చీదేది.

ఇదంతా నేను అవ్వకు ఎట్లా చెప్పానో నాకే ఆశ్చర్యం. నా మాట సాధారణంగా గొంతు దాటదు. ఆమె ఆరడుగుల అవతల నిలబడి, "గట్టిగా చెప్పు, మాస్కులో మాట మాస్కులోనే ఉండిపోతాంది," అని మూడు మాటలకొకసారి అంటూ నా చేత అంతా చెప్పించింది.

"మీరు ఆయప్పను దేవున్ని చేసి పటంలో పెట్టినారు. నైవేద్యం పెడతాండారు. పటంలో దేవుడు నడుస్తాడా?"

ఆ ఏడు వాళ్ళ వేరుశనగ కాయలు మిద్దె మీదే ఎండుతున్నాయి. విత్తనానికి ఉంచుకున్న కాయలు. ఆమె వంగి ఒక గుప్పెడు తీసి కాగితంలో చుట్టి గోడ మీద పెట్టి వెనక్కి జరిగింది.

"మీ జేజినాయనకు ఇచ్చి, ఎండినాయో లేదో చెప్పమను. నాకు తెలీడంల్యా అని చెప్పు."

తెచ్చి ఇచ్చాను. ఆయన వాటి వైపు చూడలేదు. "ఎండింటాయిలే," అన్నాడు. ఆ మాటే పైకి మోశాను.

"చెవికాడ పెట్టుకోకుండానే చెప్పినాడా?"

"ఊఁ."

ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది. నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ, మా జేజినాయన ఎంత దూరం పోయాడో మా అందరికంటే ముందు ఆమెకు తెలిసింది.

మర్నాడు ఇంకో పొట్లం. ఆయన విసుగ్గా చేతిలో పోసుకున్నాడు. పోసుకున్నవాడు ఆగాడు. చెయ్యి దానంతట అదే చెవి దగ్గరికి పోయింది. ఒకసారి ఆడించాడు. మళ్ళీ ఆడించాడు.

"పచ్చివి. శానా పచ్చి. విత్తనానికి పెడితే బూజు పడతాయని చెప్పు ఆయమ్మకు."

పైకి పోయి చెప్పాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పచ్చివంట పచ్చివి. ఇట్లే చెప్పి చెప్పి మా మూటలు వెనక్కి పంపించినాడు నా వయసంతా. ఫ్యాను కింద పండుకోని వింటే ఏం వినపడతాది? లేచి కూర్చోని వినమను."

లేచి కూర్చుని విన్నాడు. పచ్చే. టీవీ ఆపి విన్నాడు. పచ్చే. ఆ గదిలో గాలి లేదు, చప్పుడు నిలబడదు, వాకిట్లోకి వచ్చి వినమందామె. జేజినాయనకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం చూసి ఎన్ని రోజులైందో.

"నా చెవికి వంక పెడతాండాదా ఆయమ్మ? ఏదీ, పట్టు." నా భుజం పట్టుకుని వాకిలి దాకా వచ్చాడు. గడప మీద కూర్చుని రొప్పుతూ కాయలు ఆడించాడు. అమ్మ గరిటె పట్టుకుని వంటింటి తలుపు దగ్గర నిలబడిపోయింది.

ఆ మరుసటి పొద్దున నేను మామూలు కంటే ముందే పైకి వెళ్ళాను. అవ్వ నన్ను చూసుకోలేదు. పిట్టగోడ పక్కన గొంతుకూర్చుని ఉంది. ముందర గుడ్డ మీద ఒక గుప్పెడు కాయలు. చెంబులో వేళ్ళు ముంచి వాటి మీద నీళ్ళు చిలకరిస్తోంది. చిలకరించి, దొర్లించి, మళ్ళీ చిలకరించి, గుడ్డలో మూటగట్టింది. తల ఎత్తి నన్ను చూసింది.

"శెట్టికి చెప్పద్దు," అంది మెల్లగా. "మంచి మాట చెప్తే లేస్తాడా ఆయప్ప? మీరందరూ చెప్పి చూసినారు గదా. వాదం పెట్టుకునేవాళ్ళు లేక పండుకున్నాడు. ఒక గుప్పెడు కాయలు చెడిపోతే నా చేను ఏమీ ఎండిపోదులే."

ఆ మూట తీసుకుని మెట్లు దిగాను. పుస్తకాల్లో నేను గొప్పవాళ్ళ గురించి చాలా చదివాను. వాళ్ళు గొప్ప పనులు చేసేటప్పుడు ఎట్లా ఉంటారో ఆ రోజు దాకా చూడలేదు. గొంతుకూర్చుని ఉంటారని, వేళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటాయని తెలియదు.

ఆ రోజు జేజినాయన మెట్ల దగ్గరికి వచ్చాడు. నాయన అంగట్లో నుంచి పరుగెత్తుకొచ్చాడు. "నాయనా, పడతావు." పైనుంచి అవ్వ గొంతు వినిపించింది. మనిషి కనిపించలేదు.

"ఏం శెట్టీ, కొడుకు ఎత్తుకోవల్లనా?"

"నువ్వు నోరు మూసుకోమ్మా. వస్తాండా."

"నిదానంగా రా. గోడ పట్టుకో. ఒక మెట్టు ఎక్కి ఊపిరి తీసుకో, కిందికి చూడాకు. తొందరేముంది, సూర్యుడు యాడికీ పోడు."

ఆ రోజు సగం మెట్లే. అక్కడే కూర్చుని, ముఖం మీద ఎండ పడుతుంటే కళ్ళు మూసుకుని, దిగివచ్చాడు. దిగివచ్చి అమ్మను అన్నం అడిగాడు. మర్నాడు ఇంకొన్ని మెట్లు. అట్లా మెట్టుకు మెట్టు చేర్చుకుంటూ, ఒక పొద్దున మిద్దె మీద నిలబడ్డాడు. ముందు నాయన, వెనక అమ్మ, పక్కన నేను. అవ్వ తన మిద్దె మధ్యలో నిలబడి ఉంది. పలకరింపు లేదు, ఎట్లుండావని లేదు. కాయల కుప్ప వైపు చెయ్యి చూపించింది. పిట్టగోడ మీద కాయలు పోసిన చేట పెట్టి ఉంది. జేజినాయన ఒక గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించాడు. చుట్టూ చూశాడు. కొండల వైపు చూశాడు. మళ్ళీ ఆడించాడు.

"ఎండినాయి."

"నేను ఇన్ని దినాలు మొత్తుకుంటాండేది ఏంది మరి?"

"నిన్న పచ్చివే."

"సరే, నిన్న పచ్చివే. పోయి చేతులు కడుక్కో. సబ్బుతో. నేను పరలోక ప్రార్థన అయిపోయేదాకా కడుగుతా. నువ్వు మీ అమ్మవారిని తలుచుకో. గబగబా తలుచుకుంటే చేతులకు చాలదు, అమ్మవారికీ చాలదు."

ఆ ఎండాకాలం, ఆ తర్వాత వాన కోసం ఎదురుచూసిన రోజులూ వాళ్ళిద్దరూ మిద్దెల మీదే గడిపారు. విత్తనం కాయలు ఒలిచే పనికి ప్రతి ఏడూ కూలి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ ఏడు ఎవరూ రాలేదు. యంత్రానికి వేస్తే గింజ నలుగుతుందని అవ్వ ఒప్పుకోలేదు. గోడకు అటు ఆమె, ఇటు జేజినాయన, వేళ్ళతో చిట్లించి ఒలిచేవాళ్ళు. మొదట్లో ఆయన వేళ్ళు వణికేవి, గింజలు దొర్లిపోయేవి. "కొనేటప్పుడు తెలీదు శెట్టీ, ఒలిచేటప్పుడు తెలుస్తాది," అనేది. పగలు నిద్ర పోనిచ్చేది కాదు. ఎండ ఎక్కితే నీడకు జరగమనేది, నీళ్ళు తాగమనేది, సాయంత్రం మళ్ళీ నడక. మా జేజినాయనకు కూడా ఒక చెంబు అలవాటైంది. కొర్రన్నం తినమంటే ఆయన, "అది మీరు తినేది," అన్నాడు. "జబ్బుకు మీరు, మేము అని ల్యాదు, అన్నానికి ఎందుకు?" అని ఆమె. మరుసటి రోజు మా ఇంట్లో కొర్రలు ఉడికాయి.

ఆమె చేసిందంతా సరైనదే అని నేను రాయలేను. ఒకసారి జబ్బు పారిపోతుందని రెండు ఇళ్ళకూ సరిపడా వేపాకు పొగ పెట్టింది. వీధంతా దగ్గు. దగ్గు విని వీధంతా కరోనా అని తలుపులు వేసుకుంది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "సరే, ఇది కాదు," అని కుంపటి మీద నీళ్ళు కుమ్మరించింది.

రెండో ఏడు ఎండాకాలంలో జ్వరం ఆమెకే వచ్చింది. మిద్దె మీది గదిలోకి పోయి తలుపు వేసుకుంది. కొడుకు గడప ముందర అన్నం పెట్టి దిగిపోయేవాడు. జేజినాయన మాస్కు కట్టుకుని ప్రతి పొద్దునా మా మిద్దె ఎక్కి, గోడకు దూరంగా నిలబడి కేక వేసేవాడు.

"ఏమమ్మా, లేచినావా?"

గదిలోపల నుంచి చెంబు మీద చేతి గాజుతో కొట్టిన చప్పుడు. ఠంగుమని. మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఆ చప్పుడు విని ఈయన నడక మొదలుపెట్టేవాడు.

ఒకరోజు చప్పుడు రాలేదు. మళ్ళీ పిలిచాడు. రాలేదు. ఎండ ఎక్కుతోంది. నేను కిందికి రమ్మంటే రాడు, అమ్మ వచ్చి పిలిచినా రాడు. "ఆయమ్మ నిద్రపోతాంటుందిలే మామా," అంది అమ్మ. ఆయన మా మిద్దె మీద ఒక మూల ఉన్న నిరుటి కాయల డబ్బా తెమ్మన్నాడు. రెండు చేతులా కాయలు పట్టుకుని, గది వైపు చేతులు చాపి, ఆడించడం మొదలుపెట్టాడు. పిలుపు లేదు, మాట లేదు. గలగల, గలగల. చేతులు నొప్పి పుడితే దించి, మళ్ళీ ఎత్తి. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చాలాసేపటికి లోపల నుంచి, చాలా మెల్లగా, ఒక్క ఠంగు. జేజినాయన చేతులు దించి, పిట్టగోడ పట్టుకుని, నేల మీద కూర్చున్నాడు.

ఆమె కోలుకుంది. బయటికి వచ్చిన రోజు పిట్టగోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడబోయి, నిలబడలేక, నవ్వి, రెండు కాళ్ళ మీదా నిలబడింది. కొన్ని వారాలకు మళ్ళీ కొంగ అయింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ కాయలు ఎండే వేళకు ఒక పొట్లం కిందికి దిగివచ్చేది. పచ్చివని జేజినాయన చెప్పడం, చెవి సరిగా లేదని ఆమె అనడం, ఆయన మెట్లు ఎక్కడం. మొన్న చలికాలంలో ఒకరోజు పొద్దున అవ్వ నడక ముగించి, చెంబు గోడ మీద పెట్టి, గదిలోకి పోయి పడుకుంది. అంతే. అంత సులభంగా పోవడానికి ఆమె ఎన్నేళ్ళు ఎంత పద్ధతిగా బతికిందో నేను చూశాను. జేజినాయన సమాధుల తోట దాకా నడిచే వచ్చాడు. ఇంటికి వచ్చాక మెట్లు ఎక్కలేదు. మరుసటి రోజూ ఎక్కలేదు. కాళ్ళు నొప్పి అన్నాడు. చలి అన్నాడు. అమ్మ కాఫీ మళ్ళీ మంచం దగ్గరికే తేవడం మొదలుపెట్టింది. నాకు ఆ గది, ఆ మూసిన కిటికీ గుర్తొచ్చి భయం వేసేది. చెంబు కూడా గోడ మీద లేని రోజు ఆ భయం ఇంకా పెరిగింది.

నిన్న ఆమె కొడుకు వీధి చుట్టి మా ఇంటికి వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. జేజినాయన మంచం దగ్గర నిలబడ్డాడు.

"పెద్దాయనా, అమ్మ ఉంటే ఈపాటికి పంపించేది. ఎండినాయేమో చూడు."

జేజినాయన లేచి కూర్చున్నాడు. కాయలు చేతిలో పోసుకుని చెవి దగ్గర ఆడించాడు. నేను తలుపు దగ్గర ఉన్నాను. అంత దూరానికే నాకు వినిపించింది, గలగలమని, గులకరాళ్ళు ఆడించినట్టు. ఇన్నేళ్ళు విని విని ఆ మాత్రం నాకూ తెలుసు. అవి బాగా ఎండిన కాయలు.

"పచ్చివి," అన్నాడు జేజినాయన.

"అదేంది పెద్దాయనా, ఇన్ని దినాలు ఎండినాయే?"

"ఈడ ఫ్యాను చప్పుడు. సరిగా వినపడదు. పైకొచ్చి చూస్తా, పద."

జీవితమంతా కాయల చప్పుడు విన్న మనిషికి, తొక్క మీద చిలకరించిన నీళ్ళేవో, లోపలి పచ్చి ఏదో తెలియకుండా ఉంటుందా? మొదటి ఏడే, ఫ్యాను కింద పడుకుని ఆడించినప్పుడే ఆయనకు తెలుసు. తెలిసే పచ్చి అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమెకు తట్టే ఉంటుంది.

ఆయన వాకిలి దాటి, గోడ పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఊపిరి తీసుకున్నాడు. వెనక్కి తిరగకుండానే నన్ను పిలిచాడు.

"పాపా, మన చెంబుతో నీళ్ళు పట్టుకోని రా. గోడ మీద పెట్టల్ల."